ఈ వానాకాలం మా అప్పడాలకు ఏమైందంటే

అందరికీ నమస్కారం. బరంపురం నుంచి మీ అప్పడాలావిడను రాస్తున్నాను. జులై, ఆగస్టు నెలల్లో మా దగ్గర అప్పడాలు తెప్పించుకున్నవాళ్లు చాలామంది ఫోన్ చేశారు, కొందరు ఫోటోలు పెట్టారు, విశాఖపట్నం నుంచి ఒక అక్కయ్య అయితే ప్యాకెట్‌ను ఉన్నదున్నట్టు తిరిగి పార్సిల్ చేశారు, లోపల ఒక్క ముక్క కూడా రాయకుండా. ఆ ప్యాకెట్ విప్పి చూశాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. అప్పడాల మధ్యలో, ఇంగువ వాసన రావాల్సిన చోట, బూడిద రంగు చుక్కలు, చెమ్మ వాసన.

ముందు అవసరమైన మాట చెప్పేస్తాను. జులై, ఆగస్టుల్లో ప్యాక్ చేసినవి (ప్యాకెట్ వెనక తేదీ ఉంటుంది) మీ ఇంట్లో ఇంకా ఉంటే వాడకండి. చుక్కలు కనిపించకపోయినా సరే. బూజు దులిపి, కాసేపు ఎండలో పెట్టి వేయించేస్తే ఏమీ కాదని మన ఇళ్లలో అనుకుంటాం, నేనూ అనుకునేదాన్ని, కానీ కొన్ని రకాల బూజు వదిలే విషం నూనెలో కాగినా పూర్తిగా పోదు. పారేయండి. పారేసే ముందు తేదీ కనిపించేలా ఒక ఫోటో తీసి పంపితే చాలు, డబ్బు వాపసు చేస్తాను. వెనక్కి పంపించక్కర్లేదు, కొరియర్ ఖర్చు మీకు వద్దు. సూరత్‌లో మగ్గాల మీద పనిచేసే మన గంజాం వాళ్లు గదికి ఒకరు చొప్పున కలిపి తెప్పించుకుంటారు కదా, ఎవరి పేరు మీద ఆర్డర్ వచ్చిందో వాళ్లకే మొత్తం వేస్తున్నాను, మీరు మీరు పంచుకోండి.

ఇక ఎందుకు ఇలా అయిందో. తప్పు మాది, అందులో అనుమానం లేదు, కానీ ఏ తప్పో చెప్పకుండా సారీ చెబితే అది ఉత్త మాట.

మాది మూడు తరాల పని. అత్తగారి అత్తగారు మొదలుపెట్టారు, అప్పటికి గంజాం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది (1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది, అందుకే "ఒడిశాలో తెలుగు అప్పడాలేంటి" అని కొత్తవాళ్లు అడిగితే మేం పెద్దగా ఆశ్చర్యపోం). మినప్పిండి, ఉప్పు, ఇంగువ, మిరియాలు, జీలకర్ర, పాపడ్ ఖార్ (అప్పడాల పిండిలో కలిపే క్షారం). చేతికి నూనె రాసుకుంటూ రోకలితో దంచడం, ఉండలు కోయడం, పీట మీద ఒత్తడం, డాబా మీద చాపలు పరిచి నూలు చీరల మీద ఆరబెట్టడం. ఒత్తేవాళ్లు పదకొండు మంది ఉన్నారు. అందరూ మా పేట ఆడవాళ్లే, సగం మంది తెలుగు, సగం మంది ఒడియా, పని దగ్గర రెండూ కలిపి మాట్లాడుకుంటారు.

ఎండ ఉంటేనే పని, పని ఉంటేనే కూలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసురు, అక్టోబరు వస్తే తుఫాను భయం. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, అక్కడికి మా ఊరు పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేదు, మా డాబా మీద రేకుల షెడ్డు ఎటు పోయిందో తెల్లారి చూస్తే కనపడలేదు. నెల రోజులు కరెంటు లేదు, పని లేదు, మా పదకొండు ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో ఆ నెల నేను కళ్లారా చూశాను. అప్పటినుంచి నా తలలో ఒకటే ఆలోచన. ఎండతో సంబంధం లేకుండా అప్పడం ఆరాలి. వాన పడినా వీళ్లకు రోజు కూలి పడాలి.

ఆ ఆలోచన తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు.

రెండేళ్ల క్రితం ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల పథకం గురించి తెలిసింది. 2020లో వచ్చింది అది, అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ అన్నారు, మిగతాది బ్యాంకు అప్పు. కాగితాల కోసం తిరిగి తిరిగి చివరికి డ్రైయర్ తెచ్చాం. బీరువా అంత ఎత్తు, లోపల ట్రేలు, కింద హీటర్, వెనక ఫ్యాన్, తలుపు మీద డిగ్రీలు చూపించే ఎర్ర అంకెలు. మా పెద్దమ్మ (రక్త సంబంధం లేదు, మా దగ్గర ఒత్తేవాళ్లలో అందరికంటే పెద్దావిడ, నేను కాపురానికి వచ్చేటప్పటికే ఇక్కడుంది) దానికి పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది.

మే నెలలో మూడు సార్లు పరీక్ష చేశాం. 60 డిగ్రీల దగ్గర పెడితే డాబా మీద రోజంతా పట్టే పని రెండున్నర గంటల్లో అయిపోయింది. మర్నాడు వేయించి చూశాం, బాగా పొంగాయి, అందరం తిన్నాం. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. జులైలో ముసురు పట్టగానే మీ అందరికీ "ఈ ఏడాది నుంచి వానాకాలంలో కూడా అప్పడాలు" అని మెసేజ్ పెట్టాను, మీరు నమ్మి ఆర్డర్లు ఇచ్చారు.

పరీక్ష చేసింది మేలో, అమ్మింది జులైలో. వేయించి చూసింది మర్నాడు, మీరు వేయించుకున్నది మూడు వారాలకో, నెలకో. అసలు తప్పు ఇదే, మిగతాదంతా దీని వెనక వచ్చిందే.

లోపల ఏం జరిగిందో ఇప్పుడు తెలుసు కాబట్టి చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదవండి, అప్పడాలు, వడియాలు ఇంట్లో పెట్టుకునేవాళ్లకు కూడా పనికొస్తుంది. గాలిని వేడి చేస్తే అందులో నీరు అంతే ఉంటుంది కానీ ఇంకా నీరు పట్టే చోటు పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న మా వానాకాలపు గాలిని 40కి వేడి చేస్తే తేమ 50 శాతం దగ్గరికి వస్తుంది, 60కి తీసుకెళ్తే 18 శాతానికి పడిపోతుంది. అంత పొడి గాలి అప్పడం పైనున్న చెమ్మను ఒక్కసారిగా లాగేస్తుంది. లోపలి చెమ్మకు పైకి రావడానికి టైం పడుతుంది, అది వచ్చేలోపే పైపొర బిగుసుకుపోతుంది, ఇక దారి మూసుకున్నట్టే. చేత్తో ముట్టుకుంటే గలగలలాడుతుంది, మధ్యలో నీరు అలాగే ఉంటుంది. దాన్ని మేం ప్లాస్టిక్ కవర్లో పెట్టి గాలి పోకుండా సీల్ వేశాం. లోపలి చెమ్మ రోజులు గడిచేకొద్దీ మెల్లగా పైకి వచ్చింది, కవర్లోంచి బయటికి పోయే వీల్లేదు, బూజుకు అంతకంటే మంచి ఇల్లు దొరకదు.

నేను ఎర్ర అంకెలు చూస్తూ కూర్చున్నాను. పెద్దమ్మ అప్పడం చూసింది. జులై రెండో వారంలోనే ట్రేలోంచి ఒకటి తీసి, రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా వంచింది. అంచు టప్‌మని విరిగింది. నడుమ మాత్రం విరగలేదు, తోలులా వంగి అలా ఉండిపోయింది. దాన్ని చెంపకు ఆనించుకుని కాసేపు ఉంచి, "అమ్మా, ఇది పైకి నవ్వుతోంది గానీ లోపల ఏడుస్తోంది" అంది. నేను విన్నాను. విని, "మిషన్ కదా పెద్దమ్మా, కొత్తలో అలాగే ఉంటుంది" అన్నాను. అప్పటికే రెండు వందల ప్యాకెట్లకు డబ్బు తీసుకుని ఉన్నాం, వాయిదా తేదీ దగ్గర పడింది. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. ఆ రోజు ఆపి ఉంటే ట్రేలలో ఉన్న పిండి ఒక్కటే పోయేది.

మిషన్ అమ్మినవాళ్ల మీద తోయడం సులువు, కొందరు అలాగే చెప్పమన్నారు కూడా. చెప్పను. అది ఆకులు, కూరగాయ ముక్కలు ఎండబెట్టడానికి చేసిన మిషన్, ఆ పని బాగానే చేస్తుంది, మునగాకు పెడితే పచ్చగా ఎండి బయటికొస్తుంది. అప్పడానికి కూడా అదే సరిపోతుందని అనుకున్నది నేను.

ఈ మధ్య రాత్రుళ్లు నిద్ర పట్టక ఫోన్లో చదువుతుంటే జపాన్ ఆయన ఒకరి గురించి తెలిసింది, మొమొఫుకు ఆండో. నడిపిన పరపతి సంఘం మునిగిపోయి ఉన్నదంతా పోయాక ఇంటి పెరట్లో షెడ్డు వేసుకుని కూర్చున్నాడు, 1958లో, 48 ఏళ్ల వయసులో, ఇన్‌స్టంట్ నూడుల్స్ బయటికి తెచ్చాడు. చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే ఆయన కష్టం కూడా ఎండబెట్టడమే. నూడుల్స్ నిలవ ఉండాలంటే పూర్తిగా ఎండాలి, కానీ వేడి నీళ్లు పోయగానే మళ్లీ మెత్తబడాలి. దానికి ఆయనకు దొరికిన దారి నూనె. కాగే నూనెలో వేస్తే లోపలి నీరు ఆవిరై తన్నుకుని పోతుంది, పోయిన చోటల్లా సన్నని బెజ్జాలు మిగులుతాయి, తర్వాత నీళ్లు దూరేది ఆ బెజ్జాల్లోంచే. ఇంట్లో భార్య వేపుడు చేస్తుంటే చూసి తట్టిందని చెబుతారు. ఎండబెట్టడానికి నూనె అని ఎవరికి తడుతుంది చెప్పండి! నాకు తట్టింది మాత్రం ఎండ బదులు ఇంకా ఎక్కువ వేడి, అంతే. అప్పు చేసి మిషన్ కొనడమే కొత్తదనం అనుకున్నాను, అప్పడం గురించి కొత్తగా ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

మన అప్పడాల లోకంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి డాబా మీద మొదలుపెట్టిందే లిజ్జత్. అంత పెద్దదైనా ఒత్తేది ఇప్పటికీ చేతులే. పొద్దున్నే పిండి తీసుకుని ఇంటికి వెళ్లడం, ఒత్తి ఆరబెట్టి తెచ్చి ఇవ్వడం, డబ్బు తీసుకోవడం. వాళ్లు కనిపెట్టింది ఆ పద్ధతి. డ్రైయర్ కొనేముందు దాని గురించి చదివి ఉంటే పదకొండు మంది కూలి సంగతి ఇంకోలా ఆలోచించేదాన్నేమో, తెలియదు.

ఇప్పుడేం చేస్తున్నామంటే. డ్రైయర్ అమ్మేయమని మా ఆయన, మరిది, అందరూ అన్నారు. సెప్టెంబరు చివర్లో ఒకరోజు పెద్దమ్మనే అడిగాను, మా అత్తగారి అత్తగారి రోజుల్లో మబ్బు పట్టినప్పుడు ఏం చేసేవారు అని. "సగం ఆరాక దొంతి పెట్టి తడిలేని గుడ్డ కప్పేసేవాళ్లం, రాత్రంతా అలా ఉంచితే చెమ్మ సర్దుకునేది, పొద్దున్న మళ్లీ పరిచేవాళ్లం" అంది. నేను ఎన్నోసార్లు చూసిన పనే అది. చోటు చాలక దొంతి పెడుతున్నారని అనుకునేదాన్ని. లోపలి చెమ్మ పైకి రావడానికి ఇచ్చే గడువు అదేనని ఇన్నేళ్లూ తెలియలేదు.

అందుకని హీటర్‌ను 40 దాటనివ్వడం లేదు. గంటన్నర ట్రేలలో, తర్వాత రాత్రంతా దొంతిలో గుడ్డ కింద, పొద్దున్న మళ్లీ గంట. రెండున్నర గంటల పని కాస్తా రాత్రి కలుపుకుని పధ్నాలుగు గంటలు అయింది, రోజుకు వచ్చే సరుకు మూడో వంతుకు పడిపోయింది. కరెంటు బిల్లు మాత్రం తగ్గింది. సీల్ వేసే ముందు ప్రతి దొంతిలోంచి మూడు అప్పడాలు పెద్దమ్మ వంచి చూస్తుంది, ఆమె సరే అంటేనే కవర్లోకి వెళ్తాయి, నేను సంతకం పెట్టే చోట ఇప్పుడు ఆమె గుర్తు ఉంటోంది, దానికి కూలి కాక విడిగా ఇస్తున్నాం.

ధర విషయం. పెంచుతామా అని అడుగుతున్నారు. కార్తీకం కదా, ఇక్కడ ఒడియా ఇళ్లలో కూడా నీచు మానేస్తారు, గిరాకీ బాగా ఉంది, ఎండ కూడా వచ్చింది, డాబా సరుకు పాత ధరకే ఇస్తున్నాం, సంక్రాంతి దాకా అందులో మార్పు లేదు. డ్రైయర్‌లో ఆరబెట్టిన అప్పడాలు మాత్రం ఇంకా అమ్మడం లేదు. బ్యాంకు వాయిదా నెలనెలా కడుతూనే ఉన్నాం, మునగాకు, కరివేపాకు పొడులు అందులోనే ఎండబెట్టి మా పేట కిరాణా కొట్లకు వేస్తున్నాం, దాంతో సగం వాయిదా వస్తోంది, మిగతా సగం అప్పడాల మీద వచ్చే లాభంలోంచి పోతోంది. టెన్షన్ లేదని చెప్పను.

కొత్త పద్ధతిలో ఆరబెట్టి సీల్ వేసిన ఎనిమిది ప్యాకెట్లు తేదీలు రాసి వంటింటి అలమరాలో పెట్టాను, కావాలనే పొయ్యికి దగ్గరగా, మీ ఇళ్లలో డబ్బా ఎక్కడ ఉంటుందో అక్కడ. వారానికొకటి విప్పుతున్నాం. నిన్న నాలుగోది విప్పాం. వెలుతురుకు ఎత్తి ఒక్కొక్కటీ చూశాను, చుక్క లేదు, చెమ్మ వాసన లేదు. వేయిస్తే అంచులు ముడుచుకోకుండా సమంగా పొంగాయి. పెద్దమ్మ పూర్తిగా ఒకటి తిని, రెండోది సగం విరిచి నా చేతిలో పెట్టి, "ఉప్పు తగ్గింది" అంది. ఈ రోజు పిండిలో సరిచేశాం. ఇంకా నాలుగు ప్యాకెట్లు ఉన్నాయి, ఆఖరిది కూడా విప్పి తిన్నాకే వానాకాలం ఆర్డర్ల గురించి మాట్లాడతాను.