ఆఖరి బండి ఎక్కడికి పోయింది?

సంపాదకుడు గారికి నమస్కారం.

చిత్తూరు దగ్గరి ఒక మామిడి గుజ్జు పరిశ్రమలో కాటా గుమాస్తాగా పనిచేసి ఈ మధ్యే విరమించాను. మీరు విద్యార్థుల కోసం కంప్యూటర్ పాఠాలు వేస్తున్నారు కనుక, ఆ పాఠాల్లో నాకు కనబడని ఒక సంగతి రాస్తున్నాను.

తోతాపురి కాయలు దిగే జూన్, జులై నెలల్లో కాటా దగ్గర ట్రాక్టర్లు అర్ధరాత్రి దాకా బారులు తీరుతాయి. బండికొక పంక్తి చొప్పున టోకెన్ సంఖ్య, రైతు పేరు, బరువు ఒక టెక్స్ట్ ఫైలులో చేరుతాయి. దాన్ని పంక్తి వెంట పంక్తి చదివి చెల్లింపుల జాబితా కట్టే చిన్న స్క్రిప్టును మా కుర్రవాడొకడు బాష్ అనే ఆదేశాల భాషలో రాశాడు. పనిమంతుడే. వారం తిరగకుండానే ఒక రైతు చీటీ పట్టుకుని వచ్చాడు. "రాత్రి తూకం వేసింది మీరే కదా అన్నా, జాబితాలో నా పేరు లేదేమి?" మరునాడు ఇంకొకరు. అందరూ ఆ రోజుకు ఆఖరున వచ్చినవాళ్లేనని మాకు తట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఈలోగా మేనేజరు గారు నావైపు ఒక చూపు చూశారు. అది నేను ఇంకా మరిచిపోలేదు.

పంక్తులు లెక్కపెట్టే డబ్ల్యూసీ ఆదేశం 86 అంది. జాబితాలోనూ 86 పేర్లే. చీటీల పుస్తకంలో మాత్రం 87. కంప్యూటర్ రెండుసార్లు ఒకే మాట చెబితే కాగితాన్ని ఎవరు నమ్ముతారు? తీరా చూస్తే డబ్ల్యూసీ లెక్కపెట్టేది పంక్తులను కాదు, పంక్తి ముగిసిందని చెప్పే, కంటికి కనబడని కొత్త పంక్తి గుర్తులను. మా కాటా ప్రోగ్రాము ఆ గుర్తును రెండు పంక్తుల మధ్యనే పెడుతోంది. ఆఖరి బండి తరువాత ఏమీ లేదు. బాష్‌లోని రీడ్ ఆదేశం ఆ ఆఖరి పంక్తిని చదువుతుంది, చరరాశిలో, అంటే చదివింది దాచుకునే చోట, పెడుతుంది కూడా. కానీ గుర్తు రాకుండానే ఫైలు అయిపోయింది కాబట్టి విఫలమయ్యానని జవాబిస్తుంది. అది విని, రీడ్ చేత పంక్తి వెంట పంక్తి చదివించే వైల్, ఆ పేరును జాబితాకు ఎక్కించకుండానే ఆగిపోతుంది. చీటీ చేతిలోకి తీసుకుని, చూడకుండానే కిటికీ మూసేసినట్టు! బాష్‌నూ పూర్తిగా తప్పుపట్టలేం. యూనిక్స్ తరహా వ్యవస్థలకు నియమాలు చెప్పే పాసిక్స్ ప్రమాణం లెక్కలో చివర ఆ గుర్తు లేనిది అసలు పంక్తే కాదు.

వైల్ షరతుకు "లేదా చరరాశి ఖాళీగా లేకపోతే" అనే ముక్క కలపగానే 87వ పేరు వచ్చింది. పైథాన్ అనే ఇంకో కంప్యూటర్ భాషలో ఫర్ లూపుతో చదివితే ఈ బెడదే ఉండదు, గుర్తు లేని ఆఖరి పంక్తిని కూడా అది ఇస్తుంది.

తిరుపతి, చిత్తూరు కళాశాలల అధ్యాపకులకు నా మనవి ఒకటే. అభ్యాసానికి కడిగిన ముత్యాల్లాంటి ఫైళ్లు ఇవ్వకండి. చివరి గుర్తు చెరిపేసిన ఫైలు ఒకటి ఇచ్చి, ఎన్ని పంక్తులున్నాయో చేత్తో లెక్కపెట్టమనండి. మీ పాఠాల్లోనూ అలాంటిదొకటి వేయండి.

ఆ నాలుగు రాత్రుల రైతులకూ డబ్బు అందింది. మేనేజరు గారు మాత్రం నాతో ఏమీ అనలేదు.

ఇట్లు,
ఒక పాత కాటా గుమాస్తా, చిత్తూరు