ఫోటోల లింకులు ఎందుకు ఓపెన్ అవ్వలేదంటే

అందరికీ నమస్కారం, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర స్టూడియో నుంచి రాస్తున్నాను. శుక్రవారం నుంచి మీ పెళ్లి ఫోటోల లింకులు ఓపెన్ అవ్వట్లేదని చాలామంది ఫోన్ చేసారు, కొంతమందికి సరిగ్గా సమాధానం కూడా చెప్పలేకపోయాను, ఏటి పోయిందో ఏటి మిగిలిందో అప్పటికి నాకే తెలీదు. ఫోటోలు ఒక్కటి కూడా పోలేదండి. లింకులు పోయాయి, అది నా తప్పు.

మీ ఫోటోలు ఏ పెద్ద కంపెనీ దగ్గరా ఉండవు, మా ఇంట్లో మేడమీద గదిలో ఒక కంప్యూటర్‌లో ఉంటాయి, దాంట్లో నెక్స్ట్‌క్లౌడ్ అని, ఫైళ్లు దాచి లింకులతో పంచుకునే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసి నేనే నడుపుతున్నాను. మా నెట్ కనెక్షన్‌కి సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటినుంచి నేరుగా చేరే అడ్రస్ లేదు, ఒకే ఐపీని చాలా ఇళ్లకి పంచుతారు, అందుకే బయట ఒక చిన్న సర్వర్ అద్దెకి తీసుకుని అక్కడ్నించి ఇంటికి వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో టన్నెల్, అంటే నెట్లోనే ఒక సొంత దారి వేసాను. ఆ సర్వర్ దారి మాత్రమే, ఫోటోలు అక్కడ దాచను.

గూగుల్ డ్రైవ్‌లో పెట్టీయొచ్చు కదా అంటారు. ఫ్రీగా వచ్చేది 15 జీబీ, రెండు కెమెరాలు వీడియో కలిపితే ఒక్క పెళ్లికే 300 జీబీ అవుతుంది. కానీ నేను ఇది మొదలుపెట్టింది డబ్బుల గురించి కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, తర్వాత కొన్నాళ్లకి మందస, సోంపేట వైపు వాళ్లు తడిసి ముద్దయిన ఆల్బమ్‌లు పట్టుకుని షాపుకి వచ్చారు. ఒకావిడ, వాళ్లమ్మగారిది ఇదొక్కటే ఫోటో బాబూ అని పేజీలు విడదీస్తుంటే రంగంతా చేతికి వచ్చీసింది. నా దగ్గర వాళ్ల పెళ్లి డీవీడీ ఉంది, తీసి పెడితే చదవలేదు. ఆవిడ్ని ఉత్త చేతుల్తో పంపాను, ఇప్పటికీ మర్చిపోలేను.

శుక్రవారం సాయంత్రం గాలీ పిడుగులూ, కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. యూపీఎస్ బ్యాటరీకి మూడేళ్లు దాటిపోయింది, నిమిషం కూడా ఆగలేదు, ఇన్వర్టర్ అందుకునేలోపే కంప్యూటర్ ఆరిపోయింది. ఫోటోలున్న రెండు డిస్కులూ బాగానే ఉన్నాయి, డేటాబేస్ ఉన్న ఎస్‌ఎస్‌డీ అనే వేరే డిస్క్ పోయింది. ఎవరికి ఏ లింక్ ఇచ్చాను, పాస్‌వర్డ్ ఏటి, మీరు ఆల్బమ్ కోసం ఏ ఫోటోలకి స్టార్ పెట్టారు, ఇదంతా రాసుకునే పుస్తకం లాంటిది ఆ డేటాబేస్. ఫోటోలకి రోజూ బ్యాకప్ అవుతోంది, డేటాబేస్ బ్యాకప్ మాత్రం డిస్క్ నిండిపోయి మార్చి 9నే ఆగిపోయింది, నేను చూసుకోలేదు. చూడాల్సింది.

ఆ పాత కాపీనే వేసి, ఫైళ్లన్నీ మళ్లీ స్కాన్ చేయించి, రెండు రాత్రులు కూర్చుంటే లైన్లోకి వచ్చింది. మార్చి 9కి ముందు లింకులు ఇప్పుడు పనిచేస్తున్నాయి. తర్వాత ఇచ్చినవి పనిచెయ్యవు, ఈ రాత్రికి అందరికీ కొత్త లింకూ పాస్‌వర్డూ వాట్సాప్‌లో పెడతాను, ఫారిన్‌లో ఉన్న మీ వాళ్లకి పాతది పంపుంటే ఇది మళ్లీ పంపండి.

యూపీఎస్ బ్యాటరీ మార్చాను, కరెంటు పోతే కంప్యూటర్ దానంతటదే పద్ధతిగా షట్‌డౌన్ అయ్యేలా పెట్టాను. డేటాబేస్ కాపీ రోజూ రాత్రి తీస్తుంది, తియ్యకపోతే నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో వేసి తెరిచి చూస్తాను. ఇన్నాళ్లూ కాపీలన్నీ ఒకే ఇంట్లో ఉన్నాయి, తిత్లీ చూసినవాడిని అలా ఉంచకూడదు. విజయనగరంలో మా బావమరిది ఇంట్లో ఇంకో కాపీ పెడుతున్నాను, నెట్లో పంపితే వారాలు పట్టీలా ఉంది, అందుకే మొదటిసారి డిస్కే బస్సులో పట్టుకెళ్తున్నాను. అదంతా ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటుంది, మా బావమరిది కూడా తెరవలేడు. మీ ఇంటి ఆడపిల్లల ఫోటోలు అవి, ఆ భయం నాకూ ఉంది.

స్టార్లు పోయినవాళ్లు 11 కుటుంబాలు, మీరు మళ్లీ సెలెక్ట్ చెయ్యాలి, క్షమించండి. ఆదివారం పొద్దున్నుంచి షాపు తీసే ఉంచుతాను, టీవీలో పెద్దగా వేస్తాను, ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకురండి, పక్కన కూర్చుని నేనే మార్క్ చేస్తాను.