కాంట్రాక్టు ముగిసిన మర్నాడు కరెంటు ధర ఎంత?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఒకే ఊళ్లో రెండు మూడు కంపెనీలు కరెంటు అమ్మాలని, నచ్చినదాన్ని జనమే ఎంచుకోవాలని కేంద్రం చాలాకాలంగా అంటోంది. 2022 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన విద్యుత్ సవరణ బిల్లు ఉద్దేశం అదే. దాన్ని స్థాయీ సంఘానికి పంపారు. మన రాష్ట్రాల్లో అప్పుడు చర్చంతా రైతుల మోటార్లకి మీటర్ల చుట్టూ, ప్రైవేటీకరణ చుట్టూ తిరిగింది. అవి ముఖ్యమైనవే. అయితే అలాంటి ఏర్పాటు ఉన్నచోట కాపురం చేస్తున్నాను కాబట్టి ఇంకో ప్రశ్న అడగాలనిపిస్తోంది. కంపెనీతో కుదుర్చుకున్న గడువు తీరిపోయిన రోజు ఆ ఇంటివాళ్ల పరిస్థితి ఏమిటి?

మేముండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. 2002 జనవరి నుంచి ఈ రాష్ట్రంలో చాలా చోట్ల కరెంటు కంపెనీని ఇంటివాళ్లే ఎంచుకుంటున్నారు. ఆస్టిన్, శాన్ ఆంటోనియోల్లో మాత్రం ఇప్పటికీ సరఫరా నగరపాలక సంస్థదే. మా వైపు స్తంభాలు, తీగలు, మీటరు ఆంకార్ అనే సంస్థవి. కంపెనీ మారినా అవి మారవు, కరెంటూ పోదు. బిల్లు మీద పేరు మారుతుంది, అంతే. కష్టమంతా గడువు దగ్గరే. ఏడాదికో రెండేళ్లకో ఒప్పుకున్న ధర ఆ రోజుతో సరి. మనం కొత్త ప్లాన్ తీసుకోకపోతే కంపెనీ మనల్ని నెలనెలా మారగలిగే ధరలో పడేస్తుంది.

మాకు తెలిసిన ఒక కుటుంబం పిల్లల వేసవి సెలవులకి ఇండియా వెళ్లింది. వాళ్లు అక్కడ ఉండగానే కాంట్రాక్టు ముగిసింది. ఖాళీ ఇల్లు కాబట్టి ఏసీ పెద్దగా నడవలేదు, బిల్లు మామూలుగానే కనిపించింది. యూనిట్ ధర దాదాపు రెట్టింపైన సంగతి తిరిగొచ్చి, ఆగస్టు ఎండల్లో ఏసీ నడిచాక వచ్చిన బిల్లులో బయటపడింది. ఫోన్ చేస్తే నోటీసులు పంపామన్నారు. పంపారు కూడా. గడువు చివరి మూడో వంతులో కనీసం మూడు నోటీసులు పంపాలని ఇక్కడి చట్టం. రోజూ వచ్చే ఆఫర్ల మెయిళ్ల మధ్య, అదే రంగుల్లో, అదే లోగోతో వచ్చే నోటీసుని ఎవరు గుర్తుపడతారు?

సరే, కొత్త ప్లాన్ వెతుకుదామంటే అక్కడా టెన్షనే. ప్రభుత్వ వెబ్‌సైట్ పవర్ టు చూజ్‌లో ప్రతి ప్లాన్‌కీ 500, 1000, 2000 యూనిట్ల దగ్గర సగటు ధర చూపిస్తారు. కొన్ని ప్లాన్లలో 1000 యూనిట్లు వాడితే 100 డాలర్ల తగ్గింపు ఉంటుంది. యూనిట్ 19 సెంట్లనుకోండి, 1000కి బిల్లు 90 డాలర్లు. అంటే పట్టికలో 9 సెంట్లే కనిపిస్తుంది. అదే 990 వాడితే తగ్గింపు పోయి 188 డాలర్లు. తెలంగాణలో గృహజ్యోతి ఇళ్లవాళ్లు 200 యూనిట్లు దాటకుండా మీటరు చూసుకుంటున్నట్టే, ఇక్కడ 1000 అందుకోవడానికి చూసుకోవాలి. కరెంటు పొదుపు చేసినవాడికే జరిమానా పడే పద్ధతిని పోటీ అని ఎలా అంటాం?

ఇక్కడున్న తెలుగువాళ్లకి ఒక మాట. గడువుకి 14 రోజుల ముందు నుంచి కంపెనీ మారినా రద్దు రుసుము ఉండదు. మారడం ఆలస్యమై నెలవారీ ధరలో పడ్డా, అందులోంచి ఎప్పుడైనా రుసుము లేకుండా బయటికి రావచ్చు. గడువు జూలై, ఆగస్టుల్లో కాకుండా ఏ వసంతంలోనో తీరేలా నెలలు ఎంచుకోండి. ఇండియా టికెట్లు కొనే రోజే ఆ తేదీ కూడా చూసుకోండి.

ఇంత జాగ్రత్త ప్రతి ఇంటినుంచీ ఆశించడం న్యాయం కాదు. వయసు మళ్లినవాళ్లు, ఇంగ్లిష్ రానివాళ్లు, రెండు ఉద్యోగాలు చేసేవాళ్లు ఏం చేయాలి? బ్రిటన్‌లో 2019 జనవరి నుంచి, కంపెనీ మారకుండా మామూలు ధరలో ఉండిపోయినవాళ్లకి కూడా నియంత్రణ సంస్థ గరిష్ఠ ధర కట్టడి చేస్తోంది. టెక్సాస్‌లో అలాంటిది లేదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో హోల్‌సేల్ ధరకి ముడిపెట్టిన ప్లాన్ల వాళ్లకి వేల డాలర్ల బిల్లులు వచ్చాకే అలాంటి ప్లాన్లని ఇళ్లకి అమ్మకుండా నిషేధించారు.

మన దగ్గర అలా దెబ్బ తగిలేదాకా ఆగొద్దు. పోటీ కంపెనీలు వచ్చే రోజే వస్తే, గడువు తీరిన ఇల్లు విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్సీ) నిర్ణయించిన ధరలోకి దానంతటదే రావాలి. ఆ తేదీ, ఆ తర్వాతి ధర ప్రతి నెలా బిల్లు మొదటి పేజీలోనే తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఈఆర్సీలు చార్జీల మీద బహిరంగ విచారణలు జరుపుతాయి. వినియోగదారుల సంఘాలు ఈ రెండు షరతుల్నీ అక్కడ ఇప్పటినుంచే రాతపూర్వకంగా ఇవ్వాలని, మీ పత్రిక వాటికి చోటివ్వాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, ఇర్వింగ్, టెక్సాస్