ఆ రెండో విగ్రహం

ఒరేయ్ సూరీ,

నెలన్నర ఆలస్యం, తిట్టుకో. ఉద్యోగం బాగానే ఉంది, అద్దె పెరిగింది, అమ్మ పంపిన గోంగూర అయిపోయింది. అంతే కబుర్లు. అసలు సంగతి వేరే, చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఇక్కడ ఐర్లండ్‌లో, ఈ కార్క్ ఊరి సిటీ హాల్ ముందు రెండు విగ్రహాలున్నాయి. రోజూ చూస్తాను, ఎవరని ఎప్పుడూ అడగలేదు. మొన్న అడిగాను. టోమాస్ మక్ కర్టెన్, టెరెన్స్ మెక్‌స్వీనీ. ఇద్దరూ స్నేహితులు. బ్రిటిష్ పాలన వద్దని ఐర్లండ్ పోరాడుతున్న 1920లో ఒకరి తర్వాత ఒకరు ఈ ఊరికి లార్డ్ మేయర్లు. ఆ ఏడాదే ఇద్దరూ పోయారు.

మార్చి 20న, సరిగ్గా తన 36వ పుట్టినరోజున, మొహాలకి నల్లరంగు పూసుకొచ్చినవాళ్లు మక్ కర్టెన్‌ని ఇంట్లోనే కాల్చేశారు. ఆ కుర్చీలో మెక్‌స్వీనీ కూర్చున్నాడు. చూడరా, స్నేహితుడి నెత్తురు ఆరకముందే! ఇంట్లో రెండేళ్లయినా నిండని పాప. నేనైతే... ఏమో.

పదిహేనేళ్లకే బడి మానేసి లెక్కలు రాసే పనిలో చేరి, తర్వాత డిగ్రీ తెచ్చుకున్న మనిషి. నాటకాలు కూడా రాశాడు. 1918 ఎన్నికల్లో మిడ్ కార్క్ నుంచి గెలిచి, లండన్ పార్లమెంటు మాకొద్దని డబ్లిన్‌లో సొంత పార్లమెంటు 'డాయిల్' పెట్టుకున్నవాళ్లలో ఒకడు. మేయరైన రోజు ఏమన్నాడో తెలుసా? ఎక్కువ బాధపెట్టగలవాళ్లు కాదు, ఎక్కువ భరించగలవాళ్లే గెలుస్తారని.

అన్నట్టే భరించాడు. ఆగస్టు 12న సిటీ హాల్లోనే పట్టుకుని రెండేళ్ల శిక్ష వేశారు. బతికో చచ్చో నెలలో బయటికొస్తానని కోర్టులోనే చెప్పేశాడు. లండన్ బ్రిక్స్‌టన్ జైల్లో అన్నం ముట్టలేదు. 74 రోజులురా! అక్టోబర్ 25న పోయాడు.

మన పొట్టి శ్రీరాములు గారివి 58. మన ఊళ్లో ఆయన విగ్రహం దగ్గర సైకిళ్లు ఆపి జీళ్లు తినేవాళ్లమే గానీ, ఒక్కో రోజూ ఎలా గడిచి ఉంటుందని ఎప్పుడైనా లెక్కపెట్టామా? 1929లో లాహోర్ జైల్లో మన విప్లవకారుడు జతిన్ దాస్ ఇలాగే నిరాహారదీక్ష చేసి 63 రోజులకి పోతే, మెక్‌స్వీనీ కుటుంబం మన దేశానికి టెలిగ్రాం పంపిందట. అది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆదివారం సెయింట్ ఫిన్‌బార్ శ్మశానానికి వెళ్లాను. వాన. బూట్లనిండా తడిగడ్డి. స్నేహితులిద్దరూ అక్కడే ఉన్నారు. మెక్‌స్వీనీ శవపేటికని డబ్లిన్‌కి పోనివ్వకుండా బ్రిటిష్ ప్రభుత్వం ఓడ దారి మళ్లించి నేరుగా ఇటే పంపిందట, అక్కడ జనం ఎదురుచూస్తుంటే. చచ్చినవాడంటే కూడా అంత భయం!

ఇంకా ఆయన భార్య మ్యూరియల్ సంగతి చెప్పనేలేదు. వాళ్ల పెళ్లి కూడా ఆయన్ని ఇంగ్లండ్‌లో నిర్బంధించినప్పుడే... అదిగో బస్సు. మళ్లీ రాస్తా.

నీ
బుజ్జిగాడు