హెచ్‌పీవీ పరీక్ష తర్వాత చికిత్స ఏదీ? ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే అడ్డుకునే హెచ్‌పీవీ పరీక్ష, ఆ తర్వాతి చికిత్సపై మేమిచ్చిన వినతిపత్రాలకు జవాబు రాకపోవడంతో ఈ విషయాన్ని అందరి ముందు ఉంచుతున్నాం.

హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిల్లోమా వైరస్)లో 6, 11 రకాల వల్ల జననాంగాల వద్ద పులిపిర్లు వస్తాయి. అవి క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణం 16, 18 రకాలు. ఇవి ఏ లక్షణమూ లేకుండానే కణాలను మారుస్తాయి. క్యాన్సర్ రావడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఇంత గడువు ఉండి కూడా తల్లులను పోగొట్టుకోవడం మమ్మల్ని కలచివేస్తోంది.

హెచ్‌పీవీ టీకా అప్పటికే సోకిన వైరస్‌ను తొలగించలేదు. అందుకే 9-14 ఏళ్ల వయసులోనే బాలికలకు వేయాలి. పెద్దవారికి పరీక్ష తప్పనిసరి. అయితే అసలు లోపం పరీక్ష తర్వాతే ఉంది. ఫలితం ఆలస్యమవుతుంది. పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదని చెప్పేవారు ఉండరు. చికిత్సకు మరోచోటికి పంపితే చాలామంది మళ్లీ రారు.

కనీసం 35, 45 ఏళ్లకు హెచ్‌పీవీ పరీక్ష, నమూనా స్వయంగా తీసుకునే వీలు, అర్హులకు అదే కేంద్రంలో థర్మల్ అబ్లేషన్ (మారిన కణాలను వేడితో తొలగించే చికిత్స), ఆ చికిత్స తర్వాత 12 నెలలకు మళ్లీ పరీక్ష జరిగేలా గడువు తేదీలతో ఉత్తర్వు జారీ చేయాలని కోరుతున్నాం. మీ జవాబును కూడా బహిరంగంగానే ఇవ్వగలరు.

ఇట్లు,
క్యాన్సర్ నివారణలో పనిచేస్తున్న వైద్యులు, నర్సులు