మొక్కజొన్న ఇథనాల్: అసలు తగాదా నేల దగ్గరే

ఒరేయ్,

"మొక్క పెరిగేటప్పుడు పీల్చుకున్న కార్బన్ డయాక్సైడే కదా, ఇథనాల్ కాల్చితే బయటికొచ్చేది! ఇంక నష్టమేముంది?" అని, పెట్రోల్‌లో కలిపే మొక్కజొన్న ఇథనాల్ గురించి మొన్న ఫోన్లో అడిగావు. ఫోన్లో తేలే మాట కాదని తీరిగ్గా రాస్తున్నాను. నువ్వన్నది నిజమే, కానీ అది ఇంజన్ దగ్గరి లెక్క. దాని వెనక చాలా ఉంది.

మొక్కజొన్నకి నత్రజని బాగా కావాలి. ఆ ఎరువు ఎక్కువగా సహజవాయువుతోనే తయారవుతుంది. పొలంలో చల్లాక అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారి గాల్లో కలుస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుందిరా! ఇంకొంత అమెరికాలో మిసిసిపీ నదిలో పడి గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా పోతుంది. అక్కడ ఏటా వేసవిలో నాచు విపరీతంగా పెరిగి, కుళ్లి, నీళ్లలో ఆక్సిజన్ లేకుండా చేస్తుంది. తప్పంతా ఇథనాల్‌దే అనను. కానీ అమెరికా మొక్కజొన్నలో మూడో వంతు దానికే పోతున్నప్పుడు, దాని వాటా దానికుంటుంది.

ఇథనాల్ తయారుచేసే ప్లాంటు సంగతి మాత్రం జనం అనుకున్నంత ఘోరంగా లేదు. ఒక బుషెల్, అంటే దాదాపు 25 కిలోల గింజల నుంచి సుమారు 2.8 గ్యాలన్ల ఇథనాల్ వస్తుంది. అందులో ఖర్చయ్యేది పిండిపదార్థమే. ప్రొటీన్, కొవ్వు, పీచు చాలావరకు పశువుల దాణాకి వెళ్తాయి. అందుకే "తిండంతా తగలేస్తున్నారు" అంటే నేను ఒప్పుకోను.

ధర చూసేటప్పుడు మాత్రం జాగ్రత్త. గ్యాలన్‌కి గ్యాలన్ పోలిస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. పెట్రోల్‌లో పది శాతం కలిపితే మైలేజీ సుమారు 3 శాతం తగ్గుతుంది. పైగా అమెరికాలో 2011 చివరి దాకా గ్యాలన్‌కి 45 సెంట్ల పన్ను రాయితీ ఉండేది. అదీ జనం డబ్బే కదా! లాభం లేదని కాదు. ఆక్టేన్, అంటే ఇంజన్‌లో ఇంధనం ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, పెంచుతుంది. ఇంతకుముందు పెట్రోల్‌లో కలిపి, భూగర్భజలాల్ని పాడుచేసిన ఎంటీబీఈ అనే రసాయనానికి బదులుగా పనికొచ్చింది.

ఇక నన్ను నిజంగా బాధపెట్టేది నేల. పెట్రోల్‌లో జీవ ఇంధనాలు కలపాలన్న అమెరికా 2007 చట్టం మొక్కజొన్న ఇథనాల్‌కి ఏడాదికి 15 బిలియన్ గ్యాలన్ల దాకా చోటిచ్చింది. గిరాకీ పెరిగితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే గడ్డి నేలలూ దున్నేస్తారు. ఏళ్ల తరబడి మట్టిలో పోగైన కార్బన్ గాల్లోకి లేస్తుంది. దీన్ని ఎంతగా లెక్కేస్తామన్న దాన్నిబట్టే ఫలితం తారుమారవుతుంది. 2021లో అమెరికా ప్రభుత్వ ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల వాళ్లు పెట్రోల్ కన్నా ఇథనాల్ ఉద్గారాలు 44 నుంచి 52 శాతం తక్కువన్నారు. మరుసటి ఏడాదే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు టైలర్ లార్క్ బృందం, తక్కువేం కాదు, బహుశా 24 శాతమైనా ఎక్కువే అంది. ఇంధనం అదే, పంటా అదే!

నేను లార్క్ వైపే మొగ్గుతాను. దున్నిన గడ్డి నేల మళ్లీ కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది, ఆ నష్టాన్ని అంచనాల్లో చిన్నది చేయడం నాకు మింగుడుపడదు. ఎరువు తగ్గించి, కొత్త నేల ముట్టుకోకుండా, ప్లాంటులో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి భూమిలోకి పంపితే అప్పుడు నీ మాటకి ఒప్పుకుంటాను. కానీ అదే ఎకరంలో సోలార్ పలకలు పెడితే, ఆ కరెంటుతో కారు ఎన్నో రెట్లు ఎక్కువ దూరం పోతుంది. దీనికి నీ సమాధానమేంటో రాయి.

ఉంటాను మరి.