మోటార్ రేసింగ్ అభిమానుల సంఘం: 2024 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన గొడవలన్నీ జులై 28న మొదలయ్యాయి. ఆరోజు బెల్జియం గ్రాండ్ ప్రీ అనే ఫార్ములా వన్ రేసులో జార్జ్ రసెల్ ఒకే ఒక్క పిట్ స్టాప్‌తో (టైర్లు మార్చడానికి ఆగడం) నెట్టుకొచ్చి అందరికన్నా ముందు గీత దాటాడు. మన జోస్యం పోటీలో అతని పేరు రాసినవాళ్లు సంబరాలు కూడా చేసేసుకున్నారు. తర్వాత ట్యాంకులో మిగిలిన ఇంధనం తీసేసి తూకం వేస్తే కారు 796.5 కిలోలు తూగింది. కనీసం ఉండాల్సింది 798. ఆ కిలోన్నర తేడాతో గెలుపు లూయిస్ హామిల్టన్‌కి వెళ్లిపోయింది.

మన పోటీ నిబంధనల్లో ‘విజేత’ అని మాత్రమే ఉంది. గీత ముందు దాటినవాడా, అధికారిక ఫలితంలో ముందున్నవాడా అన్నది రాసుకోలేదు (రాసింది నేనే). కమిటీ అప్పటికప్పుడు అధికారిక ఫలితమే లెక్క అని తేల్చేసింది. ‘ఆట అయ్యాక రూలు రాస్తారా?’ అని ఒక సభ్యుడు నిలదీస్తే నా దగ్గర జవాబు లేదు. 2021 అబుదాబి ఫార్ములా వన్ రేసు గురించి అదే మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను మరి. అక్కడ ల్యాపు (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) వెనకబడిన కార్లలో ఐదింటినే ముందుకు పంపి, చివరి ల్యాపుకు రేసు మళ్లీ మొదలుపెట్టారు. ప్రపంచ టైటిల్ డ్రైవరు మాక్స్ వెర్‌స్టాపెన్‌కి దక్కింది. పోటీని నడిపే ఎఫ్‌ఐఏ సంస్థ తర్వాత మానవ తప్పిదమంది, ఫలితం మాత్రం మార్చలేదు.

దాంతో తర్వాతి సమావేశాలన్నీ ఇదే దారి పట్టాయి. బాగా రక్తికట్టింది 1995 టొయోటా ర్యాలీ కారు మీద చర్చ. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బోకి వెళ్లే గాలిని ఒక రింగు అదుపు చేయాలి. పైపు బిగిస్తే ఆ రింగు కాస్త జరిగి, పక్కనుంచి అదనపు గాలి లోపలికి పోయేది. తనిఖీకి పైపు విప్పగానే స్ప్రింగులు దాన్ని బుద్ధిగా తన చోటికి చేర్చేవి. పాయింట్లన్నీ పోయాయి, ఏడాది నిషేధం పడింది. ఆ బొమ్మ చూసి మెకానిక్ పని తెలిసినవాళ్లు ‘అబ్బ!’ అన్నారు. నేనూ అన్నాను.

మెల్‌బోర్న్ 2009 ఫార్ములా వన్ రేసుకి మాత్రం ఎవరూ అబ్బ అనలేదు. సేఫ్టీ కారు (ప్రమాదమప్పుడు ముందు నడిచి అందరి వేగం తగ్గించే కారు) వెనక డ్రైవరు ట్రుల్లీ ట్రాక్ తప్పితే హామిల్టన్ దాటాడు, అందులో తప్పేం లేదు. అతని జట్టు రేడియోలో ట్రుల్లీకి చోటిచ్చెయ్యమంటే ఇచ్చాడు. స్టీవార్డుల (రేసు తీర్పరుల) ముందు మాత్రం హామిల్టన్, జట్టు అలాంటి మాటే లేదన్నారు. సేఫ్టీ కారు వెనక దాటాడని ట్రుల్లీకి 25 సెకన్ల పెనాల్టీ పడింది. రేడియో రికార్డింగు విన్నాక హామిల్టన్ మీద వేటు పడి, మూడో స్థానం ట్రుల్లీకి తిరిగొచ్చింది. నిజం చెప్పినా హామిల్టన్‌కి నాలుగో స్థానం ఉండేది! నా లెక్కలో టొయోటా రింగు కన్నా ఇదే పెద్ద తప్పు.

సింగపూర్ 2008 రేసు మీద చర్చ పది నిమిషాల్లో అయిపోయింది. జట్టు చెప్పిందని డ్రైవరు పికే జూనియర్ కావాలని కారును గోడకు కొట్టాడు, ఇక వాదించడానికేముంది?

జమాఖర్చుల పత్రం విడిగా పంపుతున్నాం.

సర్వసభ్య సమావేశంలో ఒక సవరణ పెడుతున్నాం: విజేత అంటే తూకం, తనిఖీ, అప్పీలు అన్నీ ముగిశాక అధికారిక ఫలితంలో మొదట ఉన్న డ్రైవరు. జులై పాయింట్లు మాత్రం రసెల్ పేరు రాసినవాళ్లకూ, హామిల్టన్ పేరు రాసినవాళ్లకూ ఇచ్చేద్దామని నా ప్రతిపాదన. కోశాధికారిగారు ఒప్పుకోవడం లేదు. ఆయన హామిల్టన్ పేరు రాశారు.

కార్యదర్శి